విల్యో కోసిన మరలు

తూటా గదిలోకి చిటికెనవేలు పెట్టి చూసుకున్నాడు విల్యో హువోతరి. ఖాళీ. అయినా నమ్మకుండా బోల్టు ఊడదీసి బల్లమీద పెట్టి, రైఫిల్ని కిటికీ వెలుగుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి గొట్టం వెనకనుంచి చూశాడు. ఖాళీయే. ముప్పై నాలుగేళ్ళుగా ఏ తుపాకీ చేతికొచ్చినా ఇదే వరస. కొట్టు యజమానురాలు శిర్కు వెక్కిరిస్తూనే ఉంటుంది. "ఇప్పుడే కదా పెద్దాయనా నీ కళ్ళముందే ఖాళీ చేశాను, నా మాట మీద అంత నమ్మకమా?" అంటుంది. "నీ మాట మీద నమ్మకమేనమ్మా, తూటా మీదే లేదు," అంటాడు విల్యో. ఈ జవాబు శిర్కు వాళ్ళ నాన్న ఉర్పో కొట్టు నడిపే రోజులనాటిది. అప్పుడూ ఎవరూ నవ్వలేదు, ఇప్పుడూ నవ్వరు.

ఆ రోజు గురువారం. ఎల్లుండి శనివారం మూస్ దుప్పుల వేట మొదలు. కోర్పివార ఊళ్ళో వేట సామాన్ల కొట్టు అదొక్కటే కాబట్టి తెల్లారకముందే ముందుగదిలో జనం. నారింజరంగు టోపీలు, బూట్లు, తూటాల పెట్టెలు చేతులు మారుతున్నాయి. వెనకగదిలో విల్యో ఒక్కడే. లేత్ మిషను, బెంచి వైసు, గోడకి వరసగా ఆకురాళ్ళు, కిటికీలో కాఫీ ఫ్లాస్కు. బల్ల కింద పది తుపాకులు తమ వంతుకోసం కాచుకుని ఉన్నాయి. చేతిలో ఉన్నది పదకొండోది, అందరికంటే వెనక వచ్చి అందరికంటే ముందు బల్లెక్కింది.

దాన్ని తెచ్చింది ఔతి తొలోనెన్. ఊరి బడిలో లెక్కలు చెబుతుంది. బడి గంట కొట్టేలోపు వెళ్ళాలని కోటు బొత్తాలైనా పెట్టుకోకుండా పరుగెత్తుకొచ్చింది.

"సైలెన్సరు ఊడి రావట్లేదు బాబాయ్. లోపలేదో తుప్పుపట్టి విరిగింది, ఊపితే గలగలమంటోంది. ఆదివారం కాల్చి చూస్తే రెండు తూటాలు ఎటుపోయాయో ఆ దేవుడికే తెలియాలి. సాయంత్రం అయిదింటికి నాకు గురి పరీక్ష. ఈ ఏడాదికి అదే ఆఖరు."

"వేరే తుపాకీతో రాయరాదూ?"

"నా పేర పర్మిట్ ఉన్నది దీనిమీదే. అదీగాక..." ఆమె ఆగి, కోటు బొత్తాం ఒకటి పెట్టుకుంది. "మొన్నటిదాకా డాక్టరు నాన్నకి 'ఒక వారం' అనేవాడు. నిన్నటినుంచి 'చూద్దాం' అంటున్నాడు. శనివారం నాన్న మాటులో నాన్న తుపాకీతో నేనే కూర్చుంటానని మాటిచ్చాను. పాసయ్యానని ఆయన చెవిన పడితే చాలు నాకు."

ఆమె తండ్రి ఎమెలి తొలోనెన్‌కి ఎనభై ఒకటి. ఊరి ఆరోగ్యకేంద్రం వార్డులో పడుకుని మూడువారాలైంది. చూడటానికి వెళ్ళాలని విల్యో మూడువారాలుగా అనుకుంటూనే ఉన్నాడు.

"ఇంకోమాట," అంది ఔతి గుమ్మంలోంచి. "దీన్ని విల్యో చేతికే ఇవ్వు, ఇంకెవడి చేతికీ ఇవ్వకు, తీసేటప్పుడు పక్కన ఎవర్నీ నిలబడనివ్వకు అన్నాడు నాన్న. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆయాసపడుతూ మరీ చెప్పాడు."

ఆ మాటకి విల్యో చాతీ రెండంగుళాలు పొంగింది. అబద్ధమెందుకు, పొంగింది. చేతిపనివాడికి అంతకంటే ఏం కావాలి!

"మీ నాన్న దీన్ని ఊడదీయగా ఎప్పుడైనా చూశావా అమ్మాయ్?"

"నాకు ఊహ తెలిసినప్పట్నించీ చూళ్ళేదు. మా అమ్మ ముట్టుకున్నా ఊరుకునేవాడు కాదు."

ఇదేం విడ్డూరం అనుకున్నాడు విల్యో. ఎమెలి తన పడవనీ రంపాన్నీ వారంవారం విప్పి తుడిచే మనిషి. అలాంటివాడు సైలెన్సరుని ముప్పై ఏళ్ళు ముట్టుకోకపోవడమేమిటి? అడగాలనుకునేలోపు ఔతి వెళ్ళిపోయింది.

విల్యోకి అరవై నాలుగు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు దిగిన తర్వాత అతని ముఖం గుర్తుపెట్టుకోరు. చేతులు మాత్రం గుర్తుంటాయి. కుడి బొటనవేలి గోరుని ఎప్పుడో లేత్ నిలువునా చీల్చింది, ఆ చీలిక మధ్య నల్లటి గీత. వేళ్ళ కొసల్లో నూనె ఎంత ఇంకిపోయిందంటే శనివారం ఆవిరిస్నానంలో గంటసేపు ఉడికించినా వదలదు. ఎడమ చెవి సగం వినపడదు. భార్య ఔనె, అతనూ రోజుకి పది పన్నెండు మాటలు మాట్లాడుకుంటారు, అందులో నాలుగు కాఫీ గురించి. పోట్లాడుకుని కాదు, అవి సరిపోతాయి వాళ్ళకి.

ఊరంతా వేటాడే చోట జన్మలో ఒక్క మూస్‌నీ కొట్టని మగవాడు అతనొక్కడే. పంతొమ్మిదో ఏట ఒకసారి మాటులో కూర్చున్నాడు. తల్లి మూస్ వచ్చింది, దాని వెనకే పిల్ల. తుపాకీ దించేశాడు. అంతే, మళ్ళీ వెళ్ళలేదు. "పెళ్ళిళ్ళ పేరయ్యకి పెళ్ళి కాలేదంట" అని ముందుగదిలో ఎవరో ఒకరు ప్రతి ఏడూ అంటారు. విల్యో వినపడని చెవి అటు తిప్పుతాడు. అతనికి తుపాకీ అంటే చంపేది కాదు, ఇనుములో సరిగ్గా నడిపించిన ఒక రంధ్రం. దానిమూతి దగ్గర సైలెన్సరు బిగించడానికి తను కోసే మరచుట్లు ఆ రంధ్రానికి వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. "నేను కోసిన మరలు ఇంతవరకు వెనక్కి రాలేదు" అనే మాట అతను జీవితంలో రెండుసార్లు అన్నాడు. ఒకసారి ఔనెతో, ఒకసారి కాస్త తాగి.

సరే, పని మొదలైంది. తుప్పే అయితే నూనెకి లొంగాలి. సైలెన్సరూ గొట్టమూ కలిసేచోట పలచటి నూనె బొట్టుబొట్టుగా వదిలి, తుపాకీని మూతి పైకి వచ్చేలా నిలబెట్టి, కాఫీ పోసుకున్నాడు. గంట గడిచాక చూస్తే నూనె పోసింది పోసినట్టే పైన నిలబడి ఉంది. ఒక్క చుక్క లోపలికి దిగలేదు. తుప్పు నూనెని తాగుతుంది, వద్దన్నా తాగుతుంది. ఇది తాగలేదు. విల్యో దాన్ని వేలితో తుడిచి, వేలిని వెలుగులో చూసి, "ఊఁ" అనుకున్నాడు.

గొట్టాన్ని పాత చెక్కల మధ్య పెట్టి వైసులో బిగించి, సైలెన్సరుకి పట్టీ రెంచి చుట్టి లాగాడు. సైలెన్సరు కదల్లేదు, గొట్టమే చెక్కల్లో జారింది. ఇంకాస్త లాగితే గొట్టంమీద గీతలు పడతాయి. ఆపేశాడు. తొందరపాటువాడు ఇక్కడే వైసుని ఇంకా బిగిస్తాడు, గొట్టం సొట్టపడుతుంది, తర్వాత నుదురు కొట్టుకుంటాడు.

ఈ గొట్టానికి ఈ గొట్టం కొలతకే చెక్కలు కావాలి. బర్చి చెక్క ఒకటి తీసి రెండుగా కోసి, ఉలితో గాడి తొలిచాడు. గొట్టానికి దీపంమసి పూసి గాడిలో అదిమి చూస్తే, మసి అంటినచోట చెక్క ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ పలచగా చెక్కడం, మళ్ళీ మసి, మళ్ళీ అదమడం. గొట్టం మూతివైపు సన్నగా పోతుంది కాబట్టి గాడీ అలాగే పోవాలి. పదకొండున్నరకి గాడి మొత్తం సమంగా నల్లబడింది. తుడిచి, గుగ్గిలం పొడి చల్లి, బిగించాడు. ఈసారి గొట్టం గోడలా నిలబడింది. విల్యో రెండు చేతులా లాగాడు. బల్ల మూలిగింది. భుజంలో ఏదో కలుక్కుమంది. సైలెన్సరు మాత్రం ఉడుంపట్టు వదల్లేదు.

"ఏంటి పెద్దాయనా, పురుడు పోస్తున్నావా లోపల?" అని అరిచింది శిర్కు ముందుగదిలోంచి.

"కవలలు," అన్నాడు విల్యో. ముందుగదిలో ఈసారి నవ్వారు.

మధ్యాహ్నం రై రొట్టె, పొగబెట్టిన చేప తింటూ తుపాకీకేసే చూస్తూ కూర్చున్నాడు. కోపం రాలేదు, అతనికి ఇలాంటప్పుడు కోపం రాదు. లోపలేముందో చూడాలన్న దురద మొదలవుతుంది, తిండి రుచి తెలియదు. చిన్న ఇత్తడి సుత్తితో సైలెన్సరు మొదలుమీద తట్టాడు. ఇనుమూ ఇనుమూ తుప్పుతో అతుక్కుంటే ఆ చప్పుడు వేరు, గరగరగా ఉంటుంది. ఇది 'థప్'మని మెత్తగా పలికింది, చెక్కమీద కొట్టినట్టు. వినపడే చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ కొట్టాడు. థప్. అయితే ఇది పట్టేసింది కాదు. మరచుట్లలో ఎవరో ఏదో నింపారు. కావాలని నింపారు.

ఎవరు, ఎందుకు? రొట్టె సగంలో వదిలేశాడు.

వేడిగాలి ఊదే మిషను పెట్టి ఆ అతుకుచుట్టూ మెల్లగా తిప్పాడు. అయిదు నిమిషాలకి అతుకులోంచి నల్లటి పూస ఒకటి పొడుచుకొచ్చి మెరిసింది. విల్యో వంగి వాసన చూశాడు. పైన్ మానునుంచి కాచి తీసే తారు! చిన్నప్పుడు దెబ్బ తగిలితే అవ్వ రాసిన వాసన, కొత్త పడవ వాసన. ఆవిరిస్నానం, సారా, తారు, ఈ మూడింటికీ లొంగని రోగానికి మందే లేదనే జనం వాళ్ళు. కాని తారుని తుపాకీ మరచుట్లలో పూసినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. ముప్పై ఏళ్ళపాటు తూటాల వేడికి కాగి కాగి అది రాయైంది. తొలోనెన్ వాళ్ళు తాతలనాటినుంచీ తారు కాచినవాళ్ళు. ఇది ఎమెలి చేతిపనే, సందేహం లేదు.

"ఓరి నీ దుంపతెగ ఎమెలీ," అన్నాడు విల్యో పైకే. "ఏం దాచావురా ఇందులో?"

వేడి, తారుని కరిగించే టర్పెంటైన్, ఓపిక. మళ్ళీ వేడి, మళ్ళీ టర్పెంటైన్. రెండున్నరకి పట్టీ రెంచిమీద చెయ్యి వేసేసరికి లోపల 'కిర్ర్'మంది. పావుచుట్టు తిరిగింది. ఆ తర్వాత బాటసారి సంచీ దించినట్టు సుళువుగా చుట్టు తర్వాత చుట్టు ఊడివచ్చింది. లోపలి తుప్పుముక్కలు గుప్పెడు బల్లమీద రాలాయి. సైలెన్సరు పనైపోయింది, దాన్ని పక్కన పడేశాడు.

గొట్టంమీద, మరలు ఆగి గొట్టం లావెక్కే అంచు దగ్గర, తారులో ఏదో పసుప్పచ్చగా ఉంది. సూదితో లేవదీశాడు. ఇత్తడి రేకు. కాల్చేసిన తూటా గుల్లని కొట్టి పలచచేసి, కత్తెరతో నెలవంకలా కత్తిరించిన ముక్క. చుట్టూతా లేదు, ఒక పక్కనే ఉంది.

ఒక పక్కే ఎందుకు? కాలు పొట్టిదైన కుర్చీకి అట్టముక్క పెట్టినట్టుంది ఇది. సైలెన్సరుని ఒకవైపునుంచి ఎత్తి నిటారుగా నిలబెట్టడానికి పెట్టాడు. అంటే రేకు లేకపోతే అది పక్కకి వాలుతుంది. అంటే మరలు...

విల్యో గొట్టం తుడిచాడు. రంధ్రంలోకి సరిగ్గా పట్టే ఉక్కు కడ్డీ దించి, వెంట్రుకవాసి తేడా చూపే ముల్లు కొలత పెట్టి, మెల్లగా తిప్పాడు. ముల్లు అటు పోయింది, ఇటు వచ్చింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అంతే. మూడు వెంట్రుకల మందం. మూతి దగ్గర గోరంత వంకర, సైలెన్సరు చివరికి పోయేసరికి కొండంత. వెళ్ళే తూటా దాని అంచుని రాసుకునే పోయుంటుంది.

నా తర్వాత ఎవడు మళ్ళీ కోశాడీ మరలు, అనుకున్నాడు. అనుకుంటుండగానే అతని కన్ను మరల చివరి చుట్టు దగ్గర ఉన్న చిన్న గుండ్రటి గాడిమీద పడింది. ఆ గాడిని గుండ్రంగా కోసేవాడు ఈ జిల్లా మొత్తంమీద ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళందరూ నలుపలకలుగా కోస్తారు. అది విల్యో చేతిరాత.

స్టూలుమీద కూర్చున్నాడు.

తొంభై నాలుగు, అక్టోబరు. ఊళ్ళో సగంమందికి పనుల్లేవు, రంపం మిల్లు మూతపడింది, ఔనె రెండో కాన్పుతో మంచంలో ఉంది. ఆ ఏడు వసంతంలో రెండు గొట్టాలు పాడుచేశాడని ఉర్పో విల్యోని ముందుగదిలో అందరిముందూ నిలబెట్టి, "మూడోది పాడైతే నీ టోపీ తీసుకుని నువ్వే వెళ్ళిపో, నాచేత చెప్పించుకోకు," అన్నాడు. వేటకి రెండురోజుల ముందు ఎమెలి ఈ రైఫిల్ తెచ్చాడు. తొందర. లేత్‌లో గొట్టాన్ని లోపలి రంధ్రాన్నిబట్టి సరిచేసుకోవాలి, అందుకు గంట పడుతుంది. పైచర్మాన్నిబట్టి అయితే పది నిమిషాలు. లోపలి రంధ్రం పైచర్మానికి సరిగ్గా నడుమనే ఉంటుందని ఏ గొట్టమూ ప్రమాణం చేయదు. నిన్న మొన్న చేరినవాడు చేసే తప్పు అది. నాలుగేళ్ళ అనుభవంతో అతను చేశాడు. చేసిన సంగతి కూడా ఇప్పటిదాకా తెలియదు.

ఎమెలికి మొదటి తూటాకే తెలిసుంటుంది. కొట్టుకి రాలేదు. ఉర్పో ముందు తుపాకీ పెట్టి అరవలేదు. ఇంటికి పోయి, తూటా గుల్ల కొట్టి, కత్తెర పట్టి, ఎన్నిసార్లు వేసి తీసి చూసుకున్నాడో ఏమో, రేకు కుదిరాక తారు పూసి బిగించేశాడు. ఇంకెవడూ విప్పకుండా, ఇంకే పనివాడూ చూడకుండా.

ఆ శీతాకాలంనుంచే జనం కొట్టుకి వచ్చి విల్యోని పేరుపెట్టి అడగడం మొదలైంది. "ఎమెలి చెప్పాడు, నీచేతే కోయించుకోమన్నాడు." ఎన్నిసార్లు విన్నాడో ఆ మాట! తన పనితనమే ఎమెలి నోట పలుకుతోందని ముప్పై ఏళ్ళు నమ్మాడు. పొద్దున కూడా నమ్మాడు, చాతీ పొంగించుకుని మరీ నమ్మాడు. 'పక్కన ఎవర్నీ నిలబడనివ్వకు' అన్నదెందుకో ఇప్పుడు అర్థమైంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. దాని వెంటే నవ్వు కూడా వచ్చింది, ఎందుకో తెలియదు.

"ఊడిందా? ఏదీ, చూడనీ," అంటూ శిర్కు తలుపు తోసింది.

విల్యో గొట్టం మూతిని అరచేత్తో కప్పేశాడు. "ఊడింది. తుడవాలింకా."

"తేలుకుట్టిన దొంగలా ఆ ముఖమేంటి?" అంది శిర్కు. ముందుగదిలో గంట మోగడంతో వెళ్ళిపోయింది. ఉర్పో కూతురు. తండ్రి కళ్ళే ఆమెకి. విల్యో రేకుని తుడిచి చొక్కాజేబులో వేసుకున్నాడు. మరలమీద రక్షణకోసం ఒక ఉత్త మూతచుట్టు బిగించాడు. చూసేవాళ్ళకి ఇప్పుడు ఏ వంకరా కనపడదు. ఎవరికీ చెప్పక్కర్లేదు కూడా.

నాలుగుంపావుకి ఔతి వచ్చింది.

"సైలెన్సరు లేకుండానే కాల్చు," అన్నాడు విల్యో. "చెవులకి మూతలు పెట్టుకో. తన్నుడు ఎక్కువుంటుంది. గురి కూడా మారుంటుంది, సరిచేయాలి. పద, నేనూ వస్తా."

శిర్కు గడియారంకేసి చూసింది. ముప్పై నాలుగేళ్ళలో అతను అయిదుకి ముందు టోపీ తీసుకోవడం ఆమె చూడలేదు. "ఎటు?" అనబోయి, ఔతి ముఖం చూసి ఊరుకుంది.

కాల్పుల మైదానంలో చలిగాలి. మొదట రెండు తూటాలు ఊరికే కాల్చింది, గురికి చెయ్యెడు ఎడంగా పడ్డాయి. విల్యో తుపాకీమీది దుర్బీను మరని లెక్కపెట్టి తిప్పాడు. తర్వాత పరీక్ష. డెబ్బై అయిదు మీటర్ల దూరంలో మూస్ బొమ్మ, గుండె దగ్గర పళ్ళెమంత వలయం. నాలుగూ అందులో పడాలి. ఔతి మొదటి తూటాకి కన్ను మూసేసుకుంది.

"తుపాకీని తిట్టుకోకు తల్లీ," అన్నాడు విల్యో వెనకనుంచి. "ఆ గొట్టం తప్పు చేయదు. ఊపిరి సగం వదిలి, వేలు నువ్వు కదపకు, దానంతటదే కదలనీ."

మిగతా మూడూ అయ్యాక పరీక్ష పెట్టే ఆయన బొమ్మ దగ్గరికి నడిచి వెళ్ళాడు. మొదటి తూటా దగ్గర వంగి, కళ్ళజోడు ఎత్తి, దించి, మళ్ళీ వంగాడు. ఔతి విల్యో చేతిని పట్టుకుంది, గోళ్ళు దిగేలా. ఆయన బొటనవేలు పైకెత్తాడు. తూటా గీతని తాకిందట, తాకితే లోపలున్నట్టే లెక్క. ఔతి అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. విల్యోకి ఏం చేయాలో తెలియక తుపాకీ బోల్టు తీసి, తూటా గదిలో చిటికెనవేలు పెట్టి చూశాడు.

వార్డులో ఎమెలి కిటికీ పక్క మంచంలో ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. ముక్కులో గొట్టం, చేతులు దుప్పటిమీద. ఔతి నాలుగు వేళ్ళు ఎత్తి చూపించింది.

"నాలుగూనా?" అన్నాడు ఎమెలి.

"నాలుగూ నాన్నా."

"మీ అమ్మ పోలిక. నామీద విసిరిన గిన్నె ఏనాడూ గురితప్పలేదు." నవ్వబోతే దగ్గొచ్చింది. కూతురి చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కళ్ళనిండా నీళ్ళు. ముఖంమీద అంత సంతోషం విల్యో ఏ వేటగాడి ముఖంలోనూ చూడలేదు. కాసేపటికి, "విల్యోకి కాఫీ తేవే. ఆసుపత్రి కాఫీ తాగి మనమీద జాలిపడతాడు," అని ఆమెని బయటికి పంపాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. విల్యో జేబులోంచి రేకు తీసి ఎమెలి అరచేతిలో పెట్టాడు.

ఎమెలి దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "ఎంత వంకర?"

"మూడు వెంట్రుకలు."

"అంతేనా? నేను నాలుగనుకున్నా."

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు విల్యో.

"చెబితే ఉర్పో నిన్ను బయటికి తోసేవాడు. ఆ తర్వాత నా తుపాకీ ఎవడు చూస్తాడు?"

"ఇంకొకడు చూసేవాడు."

"ఇంకొకడు ఏ తప్పు చేస్తాడో నాకేం తెలుసు? నీ తప్పేంటో నాకు తెలుసు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "అయినా ఊరివాళ్ళ తుపాకులు నీ దగ్గరికి పంపాక, ప్రతివాడి దగ్గరా గొట్టం తీసుకుని చూసేవాణ్ణిరా. మొదటి ఏడాదంతా చూశా. మళ్ళీ ఎక్కడా వంకర లేదు. అప్పుడు చూడ్డం మానేశా."

విల్యో మంచం అంచున కూర్చుని ఏడ్చాడు. దాచుకోలేదు. "ఎమెలీ, నా బతుకంతా నువ్వు పెట్టిన భిక్షరా," అన్నాడు.

"ఛీ, లే," అన్నాడు ఎమెలి. "నర్సు చూస్తే నేను పోయాననుకుంటుంది."

శుక్రవారం తెల్లవారుజామున ఎమెలి నిద్రలోనే పోయాడు. కబురు ఊళ్ళోకి కాఫీవేళకి వచ్చింది. కొట్టునిండా మనుషులు, అందరూ వేట జట్టువాళ్ళే, రేపటి సంగతి మాట్లాడుకుంటూ మధ్యమధ్య ఊరుకుంటున్నారు. పదింటికి ఔతి వచ్చింది. టోపీలు తీశారు. ఆమె నేరుగా వెనకగది గుమ్మందాకా వచ్చి, గుప్పిట విప్పి, రేకుని విల్యో బల్లమీద పెట్టింది.

"నర్సు ఇచ్చింది బాబాయ్. నాన్న పిడికిట్లో ఉందట. వేళ్ళు విప్పడానికి ఇద్దరు పట్టాల్సొచ్చిందట. ఏంటిది?"

శిర్కు కౌంటరు వెనకనుంచి తలెత్తింది. గుమ్మంలో నలుగురైదుగురు మెడలు చాచారు. తెలియదంటే సరిపోతుంది. ఏదో తాళం ముక్కనో, పడవ సామానో అంటే నమ్ముతారు. విల్యో చేతిగుడ్డ బల్లమీద పెట్టాడు.

"నేను మీ నాన్న తుపాకీకి మరలు వంకరగా కోశాను. తొంభై నాలుగులో. గొట్టాన్ని పైచర్మాన్నిబట్టి బిగించాను, తొందర్లో. ఇది ఆ వంకరని సరిచేయడానికి ఆయన పెట్టుకున్న రేకు. బయటపడితే నా పని పోతుందని తారు పోసి మూసేశాడు. ముప్పై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఇంకెవరూ చూడకూడదనే నా చేతికిమ్మన్నాడు."

ఇంత పొడుగు మాట విల్యో ఆ కొట్లో ఎప్పుడూ మాట్లాడలేదు.

"మా నాన్నకి తెలిసుంటే..." అంది శిర్కు.

"టోపీ ఇచ్చేవాడు," అన్నాడు విల్యో.

శిర్కు బల్లకింద వరసగా ఉన్న తుపాకులకేసి చూసింది. "నేనివ్వలేను. రేప్పొద్దున్న వేట పెట్టుకుని ఇప్పుడు నీకు టోపీ ఇస్తే ఈ జనం నన్ను బతకనివ్వరు."

ఔతి రేకుని వేలితో తాకింది, తీసుకోలేదు. "రేపు సైలెన్సరు లేకుండానే వెళ్తాను," అంది. "సోమవారం తుపాకీ తెస్తా. గొట్టం చివర ఆ వంకర ముక్క కోసేసి, మళ్ళీ మరలు తియ్యి బాబాయ్. నువ్వే తియ్యాలి. ఇంకెవరిచేతా తీయించను." ఆ మాటకి విల్యో తలూపాడు. ఆమె అతని భుజంమీద చెయ్యి వేసి, వెళ్ళిపోయింది.

కాసేపటికి వరసలో ముందున్న ముసలాయన, జట్టునాయకుడు పీరాయినెన్, గొంతు సవరించుకున్నాడు. "విల్యో, నా తుపాకీ మరలు కూడా ఎమెలి చెబితే నీ దగ్గర కోయించినవే. ఓసారి చూస్తావా?"

"వంకరుంటే?" అన్నాడు విల్యో.

"వంకరుంటే నాకూ ఓ రేకుముక్క కత్తిరించివ్వు. తారు మా ఇంట్లో ఉంది."

ముందుగదిలో ఎవరో ముక్కు చీదారు, ఎవరో నవ్వారు. విల్యో పీరాయినెన్ రైఫిల్ అందుకుని, తూటా గదిలో చిటికెనవేలు పెట్టి, కిటికీ దగ్గరికి నడిచాడు. బల్లమీద ఇత్తడి రేకు ఔతి పెట్టినచోటే ఉంది. గోరంత నెలవంక, ఒక అంచున కత్తెర తడబడి మళ్ళీ కోసిన గుర్తు, రెండో అంచున తుడిచినా వదలని నల్లటి తారు.